గూడ్స్ బండ్లు చూడాలంటే సుమిదాగవానా, టోక్యో టెర్మినలా?

టోక్యోలోని నిషికసాయ్‌లో మనవాళ్ల ఇళ్లలో పిల్లాడికి మూడేళ్లు నిండాయంటే చాలు, నాకో మెసేజ్ వస్తుంది. "అన్నా, వీడికి గూడ్స్ బండ్లు చూపించాలి. సుమిదాగవా గూడ్స్ యార్డుకి వెళ్లమంటావా, షినగావా వైపున్న పెద్ద టెర్మినల్‌కా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఈ పోస్టు.

సైజు చూస్తే పోటీయే లేదు. 1973లో సముద్రం పూడ్చిన నేల మీద తెరిచిన టోక్యో టెర్మినల్ జపాన్‌లోకెల్లా పెద్ద గూడ్స్ స్టేషన్. ఒసాకా, ఫుకువోకా బండ్లు అక్కడ బయల్దేరతాయి. పక్కనే షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్ల డిపో. పార్శిళ్ల కోసమే చేసిన 16 పెట్టెల ఎలక్ట్రిక్ రైలు కూడా ఉంది గానీ, అది కదిలేది రాత్రి పొద్దుపోయాక.

చిక్కల్లా నిలబడి చూసే చోటు దగ్గరే. నా లెక్కలో తేల్చేది అదే. మోనోరైలు దిగి, కాలవ దాటి, గోదాముల మధ్య చాలా దూరం నడవాలి. పోయిన వేసవిలో మావాణ్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లా. గంట తిరిగాక వాడు లెక్కపెట్టినవి రైళ్లు కాదు, లారీలు.

సుమిదాగవాకి ఆ బాధ లేదు. కయాబాచో స్టేషన్‌లో హిబియా మెట్రో లైనుకి మారితే, మినొవా దాటాక రైలు సొరంగం నుంచి పైకొస్తుంది. మినామి సెంజులో దిగుతుండగానే యార్డు కనబడుతుంది. స్టేషన్‌కి దక్షిణంగా పట్టాల మీదుగా నడిచే వంతెన ఉంది. అక్కడ నిలబడండి. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి ముదురు ఎరుపు కంటైనర్ కింద రెండు కొమ్ములూ దూర్చి, కొంచెం వెనక్కి వాల్చి, నెమ్మదిగా తిరుగుతుంది. మన దగ్గర కనబడే 20, 40 అడుగుల పెట్టెలు కావివి. 12 అడుగులే, ఐదు టన్నుల సరుకు పడుతుంది. పిల్లాడి కళ్లకి సరిగ్గా సరిపోయే సైజు.

ఊరి మధ్యలో ఈ యార్డు ఎందుకుందో కూడా పక్కనున్న నదే చెబుతుంది. 1896లో నిప్పాన్ రైల్వే దీన్ని తెరిచింది టోక్యోకి ఈశాన్యంగా ఉన్న జోబాన్ గనుల బొగ్గు కోసం. సుమిదా నది నీళ్లని కాలవ తవ్వి యార్డు లోపలికే తెచ్చారు. వ్యాగన్ పక్కకే పడవ వచ్చి ఆగేది, బొగ్గు అందులోకి మారేది. గోదావరి జిల్లాల్లో కాలవల మీద ధాన్యం పడవలు చూసిన పెద్దవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. లారీలొచ్చాక కాలవలు పూడ్చేశారు. ఇప్పుడు ఇక్కడికి ఉత్తరాన హొక్కైడో దీవిలోని సప్పోరో నుంచి, సముద్రం అడుగున సెయికాన్ సొరంగం దాటి కంటైనర్లు వస్తాయి. మనం సాంబార్లో వేసే హొక్కైడో ఉల్లిపాయల్లో కొన్ని ఈ దారినే వచ్చి ఉంటాయి.

కవసాకిలో గూడ్స్ ఇంజన్ల డిపో ఉన్న షిన్‌సురుమి సంగతీ కొందరు అడుగుతారు. ఇంజన్ల నంబర్లు రాసుకునే పెద్దవాళ్లకి బావుంటుంది, అంతే.

లోపలికి మాత్రం మామూలు రోజుల్లో ఎక్కడా రానివ్వరు. ఆదివారం చాలా బండ్లు నడవవు కాబట్టి శనివారం పొద్దున్నే వెళ్లండి. ఎండాకాలమైతే టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. పిల్లాడు వంతెన దిగనని మొండికేస్తే నన్ను తిట్టుకోకండి.