ఆరేళ్లుగా కాపర్‌మైన్, పీహెచ్‌పీబీబీ జోడీ: పేచీ అంతా గ్రూపుల దగ్గరే

బరంపురంలో ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లం ఓ పాతికమందిమి. ఆరేళ్ల కిందట మా సైట్‌లో పీహెచ్‌పీబీబీ 3 చర్చావేదికకి కాపర్‌మైన్ గ్యాలరీని తగిలించాను. గ్యాలరీలో రెండింటినీ కలిపే బ్రిడ్జ్ మేనేజర్ అనే పేజీలుంటాయి, అవి అడిగినవి నింపుకుంటూ పోతే పావుగంట పని. ఒక్కసారి లాగిన్ అయితే రెండింట్లోకీ పోవచ్చు. ఆ సుఖం ఇప్పటికీ ఉంది. ఏడిపించిందల్లా గ్రూపులే.

కలిపాక సభ్యులూ గ్రూపులూ చర్చావేదికవే. గ్యాలరీలో అంతకుముందున్న ఖాతాలు పక్కకి పోతాయి. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో చర్చావేదికలోనే తేల్చాలి. ఆ గ్రూపు ఏ ఆల్బమ్ చూడాలో, ఫొటోలు ఎక్కించడానికి ఎంత చోటు వాడుకోవచ్చో మాత్రం గ్యాలరీలో. ఇది బుర్రకెక్కేసరికి నా పరువు పోయింది.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణీ అమ్మవారి యాత్ర. దేశిబెహెరా వీధిలో తీసినవాటిలో ఘటాలెత్తుకున్న మా ఇంటి ఆడవాళ్ల ఫొటోలు విడిగా ఓ ఆల్బమ్‌లో పెట్టి, 'రిజిస్టర్డ్ యూజర్స్' గ్రూపుకే కనిపించేలా చేశాను. కొత్తవాళ్లకి 'న్యూలీ రిజిస్టర్డ్' అని వేరే గ్రూపుంది కదా, వాళ్లకి కనపడవులే అని ధీమా. వారం తిరక్కుండా ఇచ్ఛాపురం నుంచి పిన్ని కొడుకు ఫోన్.

"అన్నయ్యా, నేను నిన్న రాత్రే చేరాను. వదిన ఘటం ఫొటోలన్నీ కనిపిస్తున్నాయే! ఇంటివాళ్లకే అన్నావు?"

తీరా చూస్తే కొత్తగా చేరినవాళ్లు రెండు గ్రూపుల్లోనూ ఉంటారట! ఆ రాత్రే చర్చావేదికలో ఎవరూ తమంతట తాము చేరలేని క్లోజ్డ్ గ్రూపు ఒకటి పెట్టి, చుట్టాలని ఒక్కొక్కరినే చేర్చి, ఆల్బమ్‌ని దానికి అప్పగించాను. ఆల్బమ్‌కి ఒక్క గ్రూపునే ఎంచుకోనిస్తుంది. రెండు గ్రూపులకి చూపించాలంటే రెండింటివాళ్లనీ కలిపి మూడోది పెట్టుకోవడమే. విసుగే గానీ అలవాటైపోయింది.

ఇంకో తికమక. చర్చావేదికలో ఓ గ్రూపుకి ఏదైనా అనుమతి 'నెవర్' అని పెడితే, అదే మనిషి ఉన్న వేరే గ్రూపు 'యెస్' అన్నా చెల్లదు, అందుకే నేను 'నో'తోనే సరిపెడతాను. గ్యాలరీలో ఆ తూకం లేదు. అక్కడ ఓ కుర్రాడి గ్రూపుకి కోటా, అంటే వాడుకోగల చోటు, సున్నా పెట్టాను, ఎక్కించడం ఆగుతుందని. సున్నా అంటే హద్దే లేదని అర్థమట! గోపాల్‌పూర్ బీచ్‌లో తీసినదంతా, కళ్లు మూసుకున్నవాటితో సహా, ఎక్కించేశాడు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆల్బమ్ అనుమతి పేజీకే. ఫొటో ఫైల్ లింకు తెలిస్తే లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. మరీ సొంతమైనవి అందులో పెట్టకండి. నేను మా ఆవిడ ఫొటోలు తీసేశాను.

బ్రిడ్జ్ తేడా చేసి లోపలికి రానివ్వకపోతే, గ్యాలరీ పెట్టిన రోజు చేసిన అడ్మిన్ ఖాతాతోనే దాన్ని తెంచాలి. మిగతా పాత ఖాతాలతోపాటు అదీ పోయిందనుకుని పాస్‌వర్డ్ మరిచిపోయాను, ఒకరోజంతా గింజుకున్నాను. ఇప్పుడది గ్యాస్ పుస్తకం వెనక అట్టమీద రాసి ఉంది.