మైనస్ ఒకటితో ఆరేళ్లు: జాక్‌రాబిట్ ఓక్ లెక్కల గురించి

పత్రాలు, ఫొటోల వంటి కంటెంటును భద్రపరిచి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ జాక్‌రాబిట్ ఓక్ పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక అంకె: -1. కంటెంటును ఎలా నిల్వ చేస్తుంది, వెర్షన్లను ఎలా ఉంచుతుంది అన్నవి వాడేవారికి తెలిసినవే. నా గొడవంతా ఒక్కచోటే. వెతికితే మొత్తం ఎన్ని దొరికాయో అది సూటిగా చెప్పదు.

విశాఖపట్నంలో పాత ఫొటోలు, పత్రాలు స్కాన్ చేసి భద్రపరిచే చిన్న సంస్థ ఒకటుంది. దాని వెతుకులాట పేజీ బాధ్యత నాది. మొదట ఓక్‌కు ముందు తరమైన జాక్‌రాబిట్ 2 వాడేవాళ్లం. గెట్‌సైజ్ అనే పిలుపుతో ఫలితాలెన్నో అడిగిన మరుక్షణం సంఖ్య వచ్చేది. ఆ వేగాన్ని ఎందరి దగ్గరో మెచ్చుకున్నాను. ఓక్‌కు మారాక అదే పిలుపుకు -1 రావడం మొదలైంది. పరీక్షల్లో ఇది బయటపడలేదు. ఓక్ మొదటి కొన్ని ఫలితాలను ముందుగా చదివి పెట్టుకుంటుంది. జాబితా అక్కడితో అయిపోతే సరైన సంఖ్యే ఇస్తుంది. మా పరీక్ష నిల్వలో పది పన్నెండు ఫొటోలే ఉండేవి మరి. కచ్చితమైన సంఖ్య తెలియనప్పుడు -1 ఇవ్వవచ్చని ఇలాంటి నిల్వలు పాటించే జేసీఆర్ (జావా కంటెంట్ రిపాజిటరీ) ప్రమాణంలోనే ఉంది. అది చదివాక నా కోపం ఇంకా పెరిగింది.

ఫలితాలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి లెక్కపెట్టేలా రాశాను. పెద్ద వెతుకులాట ప్రశ్నలకు పేజీ నిమిషాలపాటు కదలేది కాదు. ఒక ప్రశ్న లక్ష నోడ్‌ల (నిల్వలోని విడి అంశాల) పరిమితిని దాటగానే ఓక్ దాన్ని మధ్యలోనే ఆపేసింది. ఇక ఫాస్ట్‌క్వెరీసైజ్ అనే, సంఖ్యను వెంటనే చెప్పే అమరికను ఆన్ చేశాను. పాత వేగం తిరిగొచ్చింది. సమస్య తీరిందని ఆ సాయంత్రం అందరికీ చెప్పాను.

కొన్ని వారాల తర్వాత, పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఫోన్ చేశారు. 2014 అక్టోబర్ 12న నగరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను ఫొటోలు వెతుకుతున్నారాయన. "బాబూ, పైన 412 అని ఉంది. నాకు 37 కనబడ్డాయి. మిగతావి ఎక్కడున్నాయి?" అని అడిగారు. పేజీ చెడిపోయిందేమో చూస్తానని చెప్పాను. పేజీలో తప్పేమీ లేదు. ఆ తుపానులో ఇళ్లు కూలిన కుటుంబాలు తమ ఫొటోలు బయటివారికి చూపవద్దని కోరాయి. అందుకే వాటికి అనుమతులు బిగించాం. ఓక్ వాటిని మాస్టారుకు చూపలేదు, అది సరైన పనే. కానీ ఆ వేగవంతమైన సంఖ్య ఓక్ వెతకడానికి వాడే లూసీన్ సూచిక (ఇండెక్స్) నుంచి నేరుగా వస్తుంది. చూసేవారికి అనుమతి ఉందో లేదో అది పట్టించుకోదు. దాచిన ఫొటోలు ఎన్ని ఉన్నాయో మా పేజీయే అడిగినవారందరికీ చెబుతోంది. ఎవరైనా ఒక వీధి పేరో ఇంటిపేరో కొట్టి చూస్తే, ఆ కుటుంబం ఫొటోలు మా దగ్గర ఉన్నాయన్న సంగతి ఒక్క అంకెతో తెలిసిపోతుంది. ఆ రాత్రే అమరికను ఆపేశాను.

అప్పుడే ఇంకొకటి తెలిసింది. మేం వాడిన జాక్‌రాబిట్ 2 కూడా సూచికలోని ముడి సంఖ్యనే ఇచ్చేది. ఆ రోజుల్లో మా దగ్గర దాచవలసిన ఫొటోలు చాలా తక్కువ కాబట్టి తేడా ఎవరి కంటా పడలేదు. నేను మెచ్చుకున్న వేగం వెనుక ఉన్నది ఇదే.

ఇప్పుడు ప్రతి ప్రశ్నకూ 1001 పరిమితి పెట్టి, చేతికి వచ్చినవాటినే లెక్కిస్తాను. వెయ్యిలోపు ఉంటే కచ్చితమైన సంఖ్య, దాటితే "1000కు పైగా" అని చూపిస్తాను. చేతికి వచ్చేవి చూసే హక్కు ఉన్నవే కాబట్టి లెక్కకూ జాబితాకూ తేడా రాదు. మా పాఠకులకు అంతకు మించిన కచ్చితత్వం అక్కర్లేదని తేలింది. వెయ్యి దాటితే వారే మరో మాట చేర్చి మళ్లీ వెతుకుతున్నారు.

పాత ఫిర్యాదు పూర్తిగా పోలేదు. నెలవారీ నివేదికకు అసలు మొత్తం కావాలి. దానికోసం అన్నీ చదవగల ఖాతాతో, నెలల వారీగా ముక్కలు చేసి, రాత్రిపూట లెక్కపెట్టిస్తున్నాను. ఈ పని ఓక్ తనంతట తాను చేయగలిగితే ఎంత బాగుండేదో అని ప్రతి నెలా అనిపిస్తుంది. చాలా వెనుక పేజీలకు వెళితే ముందున్నవన్నీ దాటుకుంటూ రావాలి గనుక అక్కడ కూడా నెమ్మదే.

మా నిల్వ ఒక్క సర్వరులో ఉంది, అందులో దాచవలసినవి చాలా ఉన్నాయి. అందుకే -1 మీద నా పట్టుదల సడలింది. అన్నీ అందరికీ తెరిచి ఉంచిన నిల్వ మీదైతే, ఫాస్ట్‌క్వెరీసైజ్ మీకు సరిపోవచ్చు. అయినా ప్రశ్నలోని షరతులన్నీ సూచికలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి, లేకపోతే సంఖ్య అసలు కంటే ఎక్కువే వస్తుంది. మాస్టారు పేజీలో మాత్రం ఇప్పుడు పైన 37, కింద 37.