పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల కోసం జెనెటిక్ కౌన్సెలింగ్: మా అనుభవం (5కి 4)

మా పాపకి పుట్టిన నాలుగో రోజు మడమ దగ్గర రక్తం తీసి చూస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్, గ్రంథి సరిగ్గా పనిచేయకపోతే ఇది బాగా పెరుగుతుంది) 100 దాటింది, అప్పట్నుంచి రోజూ థైరాక్సిన్ మాత్ర నలిపి చెంచాలో కలిపి పట్టాం, ఇప్పుడు ఐదేళ్ళు, చక్కగా బడికెళ్తోంది. పోయినేడు బాబు పుట్టాడు, వాడికీ అదే. స్కాన్‌లో ఇద్దరికీ గ్రంథి ఉండాల్సిన చోటే ఉంది, కాస్త పెద్దగా కూడా ఉంది, హార్మోన్ మాత్రం రావట్లేదు, పైగా మీది మేనరికం కదా జీన్ టెస్ట్ చేయించండి అన్నారు డాక్టరుగారు.

ముందు ఒక ల్యాబ్‌లో ఇచ్చాం. ఐదు వారాలకి నాలుగు పేజీల ఇంగ్లీష్ రిపోర్టు మెయిల్లో పంపి ఊరుకున్నారు. టీపీఓ, హోమోజైగస్ అని ఏవేవో ఉన్నాయి, ఫోన్ చేస్తే మీ డాక్టర్ని అడగండి అన్నారు. ఆ రాత్రంతా నెట్‌లో వెతుక్కుంటూ ఏడుస్తూనే ఉన్నా.

తర్వాత హైదరాబాద్‌లోనే ఒక జెనెటిక్ క్లినిక్‌కి వెళ్ళాం, ఈ రివ్యూ వాళ్ళ గురించే. కౌన్సెలర్ మేడం గంటసేపు తెలుగులోనే చెప్పారు. అయోడిన్‌ని హార్మోన్‌లో అతికించే ఎంజైమ్‌కి సంబంధించిన జీన్ అట టీపీఓ, అది పాడైతే అయోడిన్ గ్రంథిలోకి వస్తుంది గానీ అతుక్కోదు, ఇంకా చెయ్యి ఇంకా చెయ్యి అని టీఎస్‌హెచ్ వచ్చిపడుతుంటే పాపం గ్రంథి వాచిపోతుంది. మా ఇద్దరి రక్తం కూడా టెస్ట్ చేయించారు, చెరొక పాడైన కాపీ ఉంది, రెండోది బావుంది కాబట్టి మాకేం లేదు. పిల్లలకి మాత్రం రెండు కాపీలూ పాడైనవే వచ్చాయి, హోమోజైగస్ అంటే అదేనట. ఇద్దరికి వచ్చేసింది కదా మూడోసారి రాదులే అనుకోవద్దు, ప్రతి కాన్పుకీ నాలుగో వంతు అవకాశం మళ్ళీ ఉంటుందని గట్టిగా చెప్పారు.

కాగితం మీద డబ్బాలు, సున్నాలు గీసి వంశం మొత్తం వేశారు. మా అత్తయ్య నాన్నకి స్వయానా అక్క. అంటే నాకు నానమ్మో తాతయ్యో, వాళ్ళలో ఒకరి దగ్గర్నుంచి నాన్న ద్వారా నాకు, అత్తయ్య ద్వారా మా ఆయనకి వచ్చి ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు క్యాబేజీ తిన్నావని, గ్రహణం రోజు బయట తిరిగావని ఐదేళ్ళుగా వింటున్నదాన్ని నేను. అత్తయ్య పక్కనే కూర్చుని అంతా విన్నారు, లిఫ్ట్ దగ్గర "అయితే మా పుట్టింటి నుంచే వచ్చిందే ఇద్దరికీ" అన్నారు. నాకు ఆ మాట చాలు.

ఇంకో సంగతి నచ్చింది, టెస్ట్ అందరికీ అంటగట్టరు. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి గ్రంథే లేకపోవడమో, చిన్నదిగానో వేరే చోటో ఉండటమో జరుగుతుందట, వాళ్ళలో చాలామందికి ఇది వంశంలో వచ్చేది కాదు, జీన్ టెస్ట్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. జీన్ ఏదని తెలిసినా మాత్ర అదే, డోసు రక్తంలో టీఎస్‌హెచ్, టీ4 (థైరాక్సిన్ హార్మోనే) చూసే వేస్తారు, కాబట్టి రిపోర్టు వచ్చేదాకా మాత్ర ఆపి కూర్చోకండి దయచేసి, మొదటి రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి, మెదడు ఎదుగుదల దాని మీదే ఉంటుంది.

స్లాట్‌కి మూడు వారాలు పట్టింది, రిపోర్టు ఇక్కడా ఇంగ్లీషే, అందుకే ఒకటి తగ్గించా. అడిగితే మాత్రం మేడం చార్టు వెనక తెలుగులో రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పుడు మా ఆడపడుచు దగ్గరుంది, తనది బయటి సంబంధమే, భయపడక్కర్లేదన్నారు, అయినా వచ్చే నెల డెలివరీ అయ్యాక మూడో రోజు టీఎస్‌హెచ్ మర్చిపోకుండా చేయమని హాస్పిటల్లో చూపిస్తుందట.