బండి దించాలా, షాకులు మార్చి ఊరుకోవాలా?

పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ లాంటి బండి కొన్న కొన్నాళ్లకు చక్రానికీ ఫెండరుకీ మధ్య ఖాళీ కంట్లో నలుసులా తోచడం మొదలవుతుంది. నాలుగు వేళ్లు దూరే సందు రెండు వేళ్లకు రావాలి, మలుపులో బండి పక్కకు వాలకూడదు. కోరికలు ఈ రెండే. చూపు కోసమా, నడక కోసమా అన్నది ముందే తేల్చుకుంటే సగం గొడవ వదిలిపోతుంది. ఎందుకంటే నడక కోసమే అయితే, దించడం (పొట్టి స్ప్రింగులతో బాడీ ఎత్తు తగ్గించడం) ఒక్కదానితో వచ్చేది చాలా కొంచెం.

లెక్క వేసి చూద్దాం. 1,100 కిలోల బండి, గరిమనాభి ఎత్తు 550 మి.మీ., ఎడమ కుడి చక్రాల మధ్య 1.46 మీటర్లు అనుకోండి. 0.8 జీ మలుపులో, అంటే పక్కకు తోసే బలం బండి బరువులో 80 శాతం ఉన్నప్పుడు, లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి దాదాపు 331 కిలోల బరువు మారుతుంది. బండిని 30 మి.మీ. దించితే అది 313 అవుతుంది. తేడా 18 కిలోలు. టైర్లలో గాలి సరిగా చూసుకోని బండికి ఈ మాత్రం లాభం తెలియను కూడా తెలియదు.

ఇంకో చిక్కుంది. ఈ బండ్లకు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకు ఒకే స్తంభంలా ఉండే అమరిక) ఉంటుంది. దించినప్పుడు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయి) చక్రం వైపు కొస పైకి లేస్తుంది. దానివల్ల రోల్ సెంటర్, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ పక్కకు వాలుతుందో అది, బాడీ దిగినదానికంటే ఎక్కువ కిందికి జారుతుంది. అంటే గరిమనాభికీ దానికీ మధ్య దూరం పెరిగి, బాడీని పక్కకు వాల్చే బలం పెరుగుతుంది. అయినా దించిన బండి తక్కువ వాలుతుందంటే, కొత్త స్ప్రింగులు గట్టివి కాబట్టే. గొప్ప గట్టిదనానిది, పేరు ఎత్తు తగ్గించడానికి! ఆ గట్టిదనమే కావాలంటే కంపెనీ ఎత్తులోనే మంచి షాకులు (షాక్ అబ్జార్బర్లు), లావు యాంటీ రోల్ బార్‌తో (ఎడమ కుడి చక్రాలను కలిపి వాలు తగ్గించే కడ్డీ) చాలావరకు వస్తుంది.

ఇక రోడ్డు సంగతి. నెల్లూరు నుంచి ఒంగోలుకు జాతీయ రహదారి 16 మీద దించిన బండికి ఇబ్బంది లేదు. రహదారి దిగి మైపాడు వైపో, కొత్తపట్నం వైపో తిరిగాకే అసలు పరీక్ష. చాలామంది స్పీడ్ బ్రేకరంటేనే భయపడతారు గానీ, కొలత ప్రకారం కట్టింది ఏమీ చేయదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన హంప్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. ముందు వెనక చక్రాల మధ్య 2.47 మీటర్లున్న బండి దాని నడిమీదికి వచ్చినప్పుడు అడుగు భాగం రోడ్డుకు 45 మి.మీ. మాత్రమే దగ్గరవుతుంది.

ఖాళీ బండికి గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ. అనుకుందాం. వెనక ఇద్దరు, డిక్కీలో 40 కిలోలు, మొత్తం 180 కిలోలు ఎక్కితే, చక్రం దగ్గర మిల్లీమీటరుకు 22 న్యూటన్ల బలమున్న స్ప్రింగులు 40 మి.మీ. కుంగుతాయి. డ్రైవరు బరువూ కలిపితే బండి నడుము పాతిక మి.మీ. దిగుతుంది. మిగిలేది 140. కొలత హంప్ మీద ఇంకా 95 ఉంటుంది. 30 మి.మీ. దించి, 30 శాతం గట్టి స్ప్రింగులు వేసిన బండికి అదే బరువుతో 115 మిగులుతుంది. హంప్ మీద 70. రెండూ దాటిపోతాయి.

తగిలేది ఊళ్లలో ఇంటిముందు సిమెంటుతో వేసుకున్న సన్నటి కట్ట దగ్గర. అడుగు వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు. దాని ఎత్తంతా నడుము కిందికి వస్తుంది. కంపెనీ బండి 20 మి.మీ. సందుతో బయటపడుతుంది, దించిన బండి 5 మి.మీ. మేర గీరుకుంటుంది. ఓరగా పోనిస్తే కొంత తప్పుతుంది, ఎదురుగా ఆటో లేకపోతే! చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల చక్రాల గాడుల మధ్య తేలిన గట్టుదీ ఇదే కథ. అక్కడ తగిలేది ప్లాస్టిక్ బంపర్ కాదు, ఇంజిన్ ఆయిల్ ఉండే చాంబర్.

అయినా దించాలనుంటే, 25 మి.మీ. దించే స్ప్రింగులకూ కాయిలోవర్లకూ (ఒంటి మీది మర తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకు జత) మధ్య మా ఓటు స్ప్రింగులకే. కాకపోతే వాటికి జతగా పొట్టి రాడ్డున్న షాకులు వేయాలి. పాత షాకుల మీద కొత్త స్ప్రింగులు ఎక్కిస్తే, గట్టి స్ప్రింగు తిరిగి తన్నేటప్పుడు దాన్ని ఆపే దమ్ము వాటికుండదు. పైకి కదిలే దారి 70 మి.మీ. ఉందనుకుంటే మిగిలేది 45. మలుపులో గతుకు వస్తే బంప్ స్టాప్ (కదలిక చివర ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది, ముందు టైర్లు ఉన్నట్టుండి పట్టు వదిలేస్తాయి. దించాక మలుపులో బండి తిరగకుండా తిన్నగా పోతోందని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది అక్కడే.

కాయిలోవర్లతో ఎత్తు, కొన్నింట్లో డ్యాంపింగ్ (స్ప్రింగు ఊగడాన్ని షాకు ఆపే తీరు) కూడా మార్చుకోవచ్చు. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు తరచూ వెళ్లేవాళ్లకు అవి అక్కరకొస్తాయి. మిగతావాళ్లు ఒకసారి పెట్టిన ఎత్తు మళ్లీ ముట్టుకోరు. సముద్రపు గాలి చాలదన్నట్టు, రొయ్యల లారీలు కార్చే ఉప్పునీళ్లు చక్రాల కింద చిమ్మి మరలో చేరతాయి. ఏడాది తిరిగేసరికి కాలర్ (మర మీద స్ప్రింగును నిలిపే రింగు) కదలదు, స్పానర్ జారి అంచులు అరిగిపోతాయి. కొన్నా సరే, వారానికోసారి మంచినీళ్లతో కడిగి, ఆరాక మరకు గ్రీజు పూయాలి.

స్ప్రింగు కోయడం గురించి రెండు ముక్కలు. ఆరు చుట్లలో ఒకటి కోస్తే 20 శాతం గట్టిపడుతుంది నిజమే. కానీ కొస సీటులో కూర్చోదు, చక్రం గుంతలో వేలాడినప్పుడు పక్కకు తప్పుకుంటుంది. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీసేవాళ్లు ఉక్కు పదునే తీసేస్తారు. ఆ షాపు గడప తొక్కొద్దు.

బిగింపులో ఎక్కువ జరిగే తప్పు బుష్‌లది, అంటే ఆర్మ్ కీలులోని రబ్బరుది. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బోల్టు బిగిస్తే, బండిని జాకీ మీంచి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలల్లో చీలుతుంది. హబ్ (చక్రం బిగించే నడిభాగం) కింద రెండో జాకీ పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలత కావలసిన ఎత్తుకు వచ్చాకే చివరి బిగింపు. స్ట్రట్ పైనట్టుకు గాలి గన్ను వాడితే రాడ్డు తిరిగి లోపలి సీలు పోతుంది. ఎలెన్ కీతో రాడ్డు పట్టుకుని చేత్తో బిగించాలి. ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో డిగ్రీల లెక్కన తిప్పి బిగించే బోల్టులు ఒక్కసారికే, కొత్తవి తెప్పించుకోండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక వీల్ అలైన్‌మెంట్. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే టైరు లోపలి అంచు తినేస్తుంది, బయటికి కనిపించదు. హెడ్‌లైట్ల ఎత్తూ సరిచూసుకోవాలి.

రైడ్ హైట్ (బండి నిలబడే ఎత్తు) ఆర్‌సీలో ఉండదు కదా అని షాపుల్లో అంటారు. కానీ మార్పులను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కట్టడి చేస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. బీమా కంపెనీకి ముందే రాతలో తెలపండి.

డబ్బు పెట్టకముందు ఒక పని చేయండి. హవాయి చెప్పు అట్టలు అతికించి 30 మి.మీ. మందం చేసి, బండి అడుగున అన్నిటికంటే కిందికున్న చోట, సైలెన్సర్ వేడికి దూరంగా, టేపుతో గట్టిగా కట్టండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వారం రోజులు మామూలు దారుల్లో తిరగండి. తర్వాత ఆ అట్ట విప్పి, దాని మీద ఎన్ని గీతలు పడ్డాయో లెక్కపెట్టండి.