ఒరిగిన లారీకి ఆటోనగర్‌లో కమాన్ పని: చేతికి నాలుగు స్టార్లు, కొలతకి రెండు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కమాన్ పని, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టల రిపేరు, చేసే షాపులకి లారీవాళ్లలో మంచి పేరే ఉంది. అది ఊరికే రాలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన షాకిల్ (కట్ట కొసని ఛాసిస్‌కి, అంటే బండి ఫ్రేముకి, తగిలించే లింకు) పిన్ను ఊడదీయాలన్నా, కట్ట దించి విరిగిన పట్టీ మార్చి సాయంత్రానికల్లా బండిని రోడ్డెక్కించాలన్నా ఆ చేతులకి తిరుగులేదు. చిక్కంతా ఇంకో చోట ఉంది. బండి ఒక పక్కకి ఒరిగిందని తీసుకెళ్తే, ఎందుకు ఒరిగిందో వెతికేవాళ్లు తక్కువ. దిగిన పక్క కట్ట విప్పుతారు, రెండు పట్టీలకి దెబ్బలేసి వంపు తెస్తారు, బిగించి పంపేస్తారు. కారణం ఆ కట్టే అయితే సరే. కాకపోతే బిల్లు కట్టి కూడా కొన్నాళ్లకి మళ్లీ అదే గేటు ముందు నిలబడాలి.

ఈ రివ్యూ ఆరు టైర్ల బండికి వర్తిస్తుంది. అంటే ముందూ వెనకా పట్టీల కట్టలు, వెనక పైన హెల్పర్ కట్ట (లోడు పెరిగాకే బరువందుకునేది) ఉన్న మామూలు లారీ. గాజువాక ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ ఆటోనగర్‌లోనైనా పని తీరు దాదాపు ఇంతే కాబట్టి ఏ ఒక్క షాపు పేరూ రాయడం లేదు.

షాపువాళ్లు చేయని పని మీరే చేసుకుని వెళ్లాలి. దానికి టేపు, గాలి గేజీ, సమంగా ఉన్న నేల చాలు. రోడ్డు పక్క కొలతలు తీయకండి. మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచువైపు వాలుగా ఉంటాయి, అక్కడ ఏ బండయినా ఎడమకి ఒరిగినట్టే కనిపిస్తుంది. వేబ్రిడ్జి ప్లాట్‌ఫాం మంచి చోటు. బండి ఖాళీగా ఉండాలి. పట్టీల మధ్య రాపిడి వల్ల కట్ట ఒక్కోసారి పైనే పట్టేసి ఉంటుంది కాబట్టి, పది ఇరవై మీటర్లు నడిపి, బ్రేకు గట్టిగా తొక్కకుండా మెల్లగా ఆపండి.

మొదట గాలి. వెనక జంట టైర్లలో లోపలిది దిగిపోయినా బయటిది మోస్తూ ఉంటుంది, కర్రతో కొట్టి చూస్తే సరిగ్గా తెలియదు, గేజీ పెట్టాల్సిందే. ఒక పక్క కొత్త టైర్లు, ఇంకో పక్క అరిగినవి ఉంటే ఆ ఒక్క కారణానికే యాక్సిల్ (ఇరుసు) ఎత్తులో 10 మి.మీ. దాకా తేడా వస్తుంది. తర్వాత ట్యాంకు. 350 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే డీజిలు బరువే దాదాపు 290 కిలోలు. దానికి తోడు బ్యాటరీలు, టూల్ బాక్సు, స్టెప్నీ కూడా అటే ఉంటే ఖాళీ బండి కొంచెం అటు వాలడం సహజం. దాన్ని కమాన్ జబ్బు అనుకుని ఖర్చు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు అసలు కొలత. నాలుగు చక్రాల దగ్గరా హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి నిటారుగా ఛాసిస్ లాంగ్ మెంబరు (పొడుగునా పోయే దూలం) కింది అంచు దాకా ఎంతుందో రాసుకోండి. తర్వాత బాడీ అడుగు నుంచి నేలకి, రెండు పక్కలా. బాడీ దగ్గర కనిపించే తేడా ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. రెండు కట్టల మధ్య దూరం ఒక మీటరు, బాడీ వెడల్పు 2.4 మీటర్లు అనుకుంటే, కట్టలో 10 మి.మీ. తేడా బాడీ అంచుల మధ్య 24 మి.మీ. అవుతుంది. "రెండంగుళాలు ఒరిగింది" అని డ్రైవర్ అంటే కట్టలో తేడా అంగుళం కూడా ఉండకపోవచ్చు. హబ్ నుంచి ఛాసిస్‌కి కొలతలు రెండు పక్కలా సమంగా ఉండి, బాడీ మాత్రం ఒరిగితే కమాన్ షాపుకి వెళ్లడమే దండగ. అప్పుడు చూడాల్సింది టైర్లు, లేదా బాడీకీ ఛాసిస్‌కీ మధ్య వేసిన చెక్క. ఆ చెక్క ఒక పక్క నాని నలిగిపోతే బాడీ అటు దిగుతుంది. అది బాడీ కట్టేవాళ్ల పని.

హబ్ దగ్గరే తేడా ఉంటే తప్పు కమాన్ల వైపే, కానీ ముందా వెనకా? చాలామంది మోసపోయేది ఇక్కడే. ముందు కుడి కట్ట చచ్చుబడితే ఛాసిస్ మొత్తం అటు తిరుగుతుంది, వెనక కూడా కుడి పక్కే దిగి కనిపిస్తుంది. ట్యాంకరు, కంటైనరు లాంటి గట్టి బాడీ ఉన్న బండికి ఇది మరీ ఎక్కువ. తేల్చుకోవడానికి ఒక జాకీ చాలు. వెనక చక్రాలకి రెండు పక్కలా చెక్కలు పెట్టండి. ముందు క్రాస్ మెంబరుకి (ఛాసిస్ అడ్డ దూలానికి) సరిగ్గా మధ్యలో, మందపాటి చెక్క అడ్డుపెట్టి, జాకీతో ఎత్తండి. యాక్సిల్ కింద కాదు, ఇంజన్ సంపు (ఆయిల్ తొట్టి) కింద అసలే కాదు, ఛాసిస్ కిందే పెట్టాలి. ముందు కట్టల మీద బరువు పోయేంత ఎత్తితే బండి ముందు భాగం ఒక్క బిందువు మీద నిలుస్తుంది, ఇక ఒరుగుడుని నిర్ణయించేది వెనక కట్టలే. ఒరుగుడు పోతే తప్పు ముందు, అలాగే ఉంటే వెనక. ఈ స్థితిలో బండి పక్కకి ఊగుతుంది. లాంగ్ మెంబర్ల కింద రెండు వైపులా రెండంగుళాల సందుతో స్టాండ్లు పెట్టకుండా ఎత్తకండి, కిందికి ఎవరూ దూరకూడదు.

ఈ పరీక్ష అడిగితే షాపులో విసుక్కుంటారు. "మేస్త్రీ, కట్ట దించకముందు ఒకసారి ముందు జాకీ వేసి చూద్దాం" అని మర్యాదగా అడగండి. పావుగంట పని. దీనికి ఒప్పుకునే షాపు దొరికితే వదలొద్దు.

ఏ యాక్సిలో తేలాక, కట్టని దగ్గర్నుంచి చూడాలి. విరిగిన పట్టీ అన్నిసార్లూ బయటికి పొడుచుకు రావాలని లేదు. మట్టి గోకి వైర్ బ్రష్ కొడితే, పట్టీ అంచున వెంట్రుక మందాన గీత, దాని నుంచి ఎర్రగా తుప్పు పొడి కారిన చార కనిపిస్తాయి. ఎక్కడ విరిగిందన్నది కూడా చూడండి. మధ్యలో, సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ గుచ్చి పట్టుకునేది) రంధ్రం దగ్గర విరిగితే యూ బోల్టులు (కట్టని యాక్సిల్‌కి బిగించేవి) వదులైనట్టే. కొత్త పట్టీ వేసి పాత యూ బోల్టులే బిగిస్తే మళ్లీ అక్కడే విరుగుతుంది. కంటి (పిన్ను దూరే కొస చుట్ట) దగ్గరో క్లిప్పు దగ్గరో విరిగితే ఓవర్‌లోడు గానీ, బిగుసుకున్న పిన్ను గానీ కారణం కావచ్చు. రెండు పక్కల షాకిళ్ల వాలు ఒకేలా ఉందా? గ్రీజు అందక పిన్ను పట్టేసిన షాకిల్ కట్టని పొడుగు సాగనివ్వదు, ఆ పక్క ఎత్తుగానే ఉండిపోతుంది. అప్పుడు రోగం ఎత్తుగా ఉన్న పక్కది, కత్తి పడేది మాత్రం దిగిన పక్క కట్ట మీద. హ్యాంగర్ బ్రాకెట్టు (కట్టని ఛాసిస్‌కి పట్టి ఉంచేది) రివెట్ల చుట్టూ పెయింటు పగిలి మెరిసే గీత ఉంటే బ్రాకెట్టు కదులుతోందని లెక్క.

ముందు హబ్ నుంచి వెనక హబ్‌కి రెండు పక్కలా టేపు లాగడం మర్చిపోకండి, స్టీరింగు తిన్నగా పెట్టి. ఒక పక్క 10 మి.మీ. పైన తేడా వస్తే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉండొచ్చు. లోడు మీద మాత్రమే ఒరిగే బండికి ఇంకో పరీక్ష ఉంది: ఖాళీగా ఉన్నప్పుడు హెల్పర్ కట్ట కొసలకీ బ్రాకెట్లకీ మధ్య సందు రెండు పక్కలా సమానమేనా చూడాలి. సందు తక్కువున్న పక్క హెల్పర్ ముందే బరువందుకుంటుంది, రెండో పక్క కిందికి పోతుంది.

ఇక షాపు పనితనం. విప్పడం, బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే గొట్టాలు) కొట్టడం, క్లిప్పులు వేయడం, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూయడం, వీటన్నిటికీ నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు. మెచ్చలేనిది సుత్తి పని. ఫ్యాక్టరీలో పట్టీని దాదాపు 850 డిగ్రీల దాకా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ 450 నుంచి 500 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు (పెళుసుదనం తగ్గేలా వేడి చేస్తారు). ఆ తర్వాత కట్టని లోడు పడే దిశలోనే గట్టిగా నొక్కి వదులుతారు, ఇక అది అంత తేలిగ్గా కుంగదు. చల్లని పట్టీని సుత్తితో కొట్టి వంపు పెంచడమంటే సరిగ్గా దానికి ఎదురు దిశలో వంచడం. రోడ్డెక్కి లోడు పడగానే పాత చోటికి జారుతుంది. పైగా దెబ్బలు పడేది లోపలి వంపు మీద, లోడులో సాగేదీ ఆ ముఖమే. ఆ సొట్టల దగ్గరే పగులు మొదలవుతుంది. దూరం తిరిగే బండికి సుత్తి వంపు వద్దే వద్దు. ఊళ్లో ఇసుక, ఇటుక తోలే పాత బండికి నాలుగు నెలలు గడవాలంటే మీ ఇష్టం.

కొత్త పట్టీ కొంటే కిలో లెక్కన ఇస్తారు. వెర్నియర్ (మందం కొలిచే సాధనం) తీసుకెళ్లండి. 80 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం, 1200 మి.మీ. పొడవున్న పట్టీ తూకం 9 కిలోలు. ఎనిమిదింబావే తూగితే మందం 11 అన్నమాట. ఒక్క మిల్లీమీటరే కదా అనుకోవద్దు. పట్టీ బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 12కి బదులు 11 వేస్తే బిగువు 23 శాతం తగ్గుతుంది. ఒక పక్క కట్ట 12తో, ఇంకో పక్క కట్ట 11తో కడితే ఒరుగుడు కొని తెచ్చుకున్నట్టే. ఉక్కు ఏ గ్రేడని అడగండి. ఎస్‌యూపీ 9, ఎస్‌యూపీ 11ఏ లాంటి జవాబు రావాలి, "కంపెనీదే సార్" అన్నది జవాబు కాదు. మార్చేది మెయిన్ పట్టీ (కన్నున్న పై పట్టీ) అయితే రెండు పక్కలా మార్చండి. ఒక పక్కే కొత్తది వేస్తే ఆ పక్క లేచి, బండి రెండో వైపు ఒరుగుతుంది.

దిగిన పక్క యాక్సిల్ మీద ప్యాకింగ్ ప్లేటు వేసి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. ఎత్తు సరిపోయినట్టే కనిపిస్తుంది, లోపల చచ్చిన కట్ట చచ్చినట్టే ఉంటుంది, హెల్పర్ సందు మాత్రం మారిపోతుంది. ఒక్క పక్కే అదనపు పట్టీ వేయడమూ అంతే.

యూ బోల్టుల విషయంలో ఈ షాపులకి రెండు స్టార్లు కూడా ఎక్కువే. సాగిన పాతవాటినే మళ్లీ వేస్తారు. కొత్తవి, కొత్త నట్లతో సహా, మీరే కొని చేతికివ్వండి. టార్క్ రెంచి (బిగింపు ఎంతో చూపించే స్పానర్) ఉన్న షాపు అరుదు, ఉంటే బండి మాన్యువల్లో ఉన్న అంకె చెప్పి బిగించమనండి. మొదటి లోడు ఎత్తాక, లోడు మీదే, వందలోపు కిలోమీటర్లలో ఒకసారి, వెయ్యి లోపు ఇంకోసారి బిగించాలి. దీనికి అదనంగా డబ్బడిగే షాపూ ఉంది, ఉచితంగా చేసేదీ ఉంది. బేరం మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

పది టైర్ల బండిలో వెనక రెండు యాక్సిళ్ల మధ్య బరువు పంచే ఏర్పాటు ఉంటుంది, దాని బుష్ అరుగుడు చూడకుండా కట్ట ముట్టనివ్వకండి. పారబోలిక్ పట్టీలున్న (మధ్య మందంగా, కొసలకి పలచబడేవి) కొత్త బండ్లకి సుత్తి తగలనే కూడదు, ఉన్నవే రెండు మూడు పట్టీలు, ఒక్కటి పోయినా ఆ పార్టు నంబరుదే తెచ్చి వేయాలి. గాలి బెలూన్ల బస్సయితే లెవెలింగ్ వాల్వు (ఎత్తుని బట్టి గాలి సరిచేసేది), దాని లింకు కడ్డీ, బెలూను లీకు చూడాలి. అందుకు కమాన్ షాపు కాదు, కంపెనీ వర్క్‌షాపే సరైన చోటు.

బిల్లు కట్టేముందు షాపు ముందరే అవే నాలుగు హబ్‌ల దగ్గర టేపు పెట్టి, పాత కొలతల పక్కన కొత్తవి రాసి మేస్త్రీకి చూపించండి. పాత బండికి 5, 6 మి.మీ. తేడా మిగలడం మామూలే. 15 దాటితే డబ్బివ్వకుండా జాకీ మళ్లీ వేయమనండి.