ఆరు గాలి మీటర్లు, ఒక సెమిస్టరు

ఇంజినీరింగ్ కాలేజీలో పర్యావరణం పేపర్ చెప్తాను. గాలి కాలుష్యం చాప్టర్ వస్తే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. పీఎం 2.5కి, అంటే గాలిలో తేలే 2.5 మైక్రాన్లలోపు సన్నటి ధూళికి, 24 గంటల సగటు పరిమితి మన దేశంలో క్యూబిక్ మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. సరే, ఇప్పుడు ఈ క్లాసురూములో ఎంత ఉంటుందో చెప్పండి అంటే అందరూ కిటికీ వైపు చూస్తారు. అందుకే ఈసారి ఈ ధూళిని కొలిచే, చేత్తో పట్టుకుని తిరిగే మీటర్లు ఆరు కొనిపించాను, ఒక్కోటి నాలుగున్నర వేలు. ఆ ఫైలు మీద సంతకాలు అయ్యేసరికి రెండు నెలలు పట్టింది, అది వేరే కథ.

కంపెనీ పేరు రాయను. ఈ రేటులో దొరికేవన్నీ లోపల ఇంచుమించు ఒకటే. చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, లేజర్ వెలుగు ధూళి కణాలకు తగిలి చెదురుతుంది, ఆ చెదురును బట్టి క్యూబిక్ మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని తెర మీద చూపిస్తుంది. అంటే తూకం వెయ్యదు, అంచనా కడుతుంది. ఇది తెలియక కొంటే తర్వాత తిట్టుకుంటారు.

మొదటి రోజు ఆరింటినీ ల్యాబ్ బల్ల మీద వరసగా పెట్టాం. 38, 41, 36, 40, 39... ఆరోది 71! అయిదూ తప్పయి అదొక్కటే కరెక్టేమో అని వెనక బెంచీ వాదన. పావుగంట గొడవయ్యాక ఒకమ్మాయి దాన్ని తీసుకుని గాలి వెళ్లే రంధ్రంలోకి గట్టిగా ఊదింది, ప్యాకింగ్ తాలూకు థర్మాకోల్ పూస ఒకటి ఎగిరి బల్ల మీద పడింది. రీడింగు 42కి దిగింది. ఒక్క మీటరే కొనుంటే ఆ 71నే నమ్మి రికార్డులో రాసుకునేవాళ్లం.

తర్వాత హైదరాబాద్‌లోని సనత్‌నగర్ వెళ్లాం, అక్కడ గాలిని కొలిచే ప్రభుత్వ స్టేషన్ ఉంది, దాని లెక్క కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో కనిపిస్తుంది. యాప్‌లో 97, మా చేతిలో 58. మీటర్ పోయిందన్నారు పిల్లలు. పోలేదు నాయనా, అది ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, ఇది మైక్రోగ్రాములు. మన పద్ధతిలో 60 మైక్రోగ్రాములకు ఏక్యూఐ 100, కాబట్టి 58 అంటే దాదాపు 97 దగ్గరే. పైగా యాప్‌ది 24 గంటల సగటు, మాది ఆ నిమిషానిది, రెండూ కలవడంలో కొంత అదృష్టం కూడా ఉంది. అసలు తమాషా ఏంటంటే మీటర్‌లో కూడా ఏక్యూఐ బటన్ ఉంది, నొక్కితే 152 వచ్చింది. అమెరికా లెక్క! అదే గాలి మన దగ్గర "సంతృప్తికరం", వాళ్ల దగ్గర "అనారోగ్యకరం". ఈ సంగతి మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. ఆ బటన్ ముట్టుకోకండి.

పెద్ద లోపం తేమ. డిసెంబర్లో పొద్దున్నే ఆరున్నరకు గండిపేట దగ్గర మంచులో నిలబడితే 180 చూపించింది, ఎండ ఎక్కాక 50. మంచు బిందువులనూ, నీళ్లు పీల్చి ఉబ్బిన కణాలనూ ఇది దుమ్ము కిందే లెక్కేస్తుంది. అలాగని 180 అంతా అబద్ధమనీ అనలేం, చలికాలం పొద్దున గాలి పైకి లేవక నిజంగానే పొగ కింద ఉండిపోతుంది. ఏది ఎంతో తేలాలంటే దుమ్మును పట్టే ఫిల్టర్ పేపర్‌ను ముందూ తర్వాతా ఆరబెట్టి తూచే పాత శాంప్లరే గతి. ల్యాబ్ మూలనున్న దాన్ని దులిపి డాబా మీదకి ఎక్కించాం. దాని రొదకి హాస్టల్ వార్డెన్ వచ్చాడు.

పీఎం 10, అంటే 10 మైక్రాన్లలోపు ధూళి అంకెను కూడా పట్టించుకోవద్దు. పెద్ద కణాలను ఈ సెన్సర్ సరిగా పట్టలేదు.

బ్యాటరీ ఎనిమిది గంటలన్నారు, మూడున్నర గంటలకే పడుకుంది. అమ్మినవాళ్లకి మూడుసార్లు మెయిల్ పెడితే "ఫుల్ ఛార్జ్ చేయండి" అని జవాబు. డేటా కంప్యూటర్లోకి దించుకునే వీలూ లేదు, నిమిషానికోసారి పుస్తకంలో రాయాల్సిందే. అలా రాస్తుంటేనే బస్టాండ్ పక్క మిర్చి బజ్జీల బండి దగ్గర, వాయి నూనెలో పడిన నిమిషంలో 64 కాస్తా 310 అవడం కనిపెట్టారు. బండాయన తెర చూసి కాస్త చిన్నబుచ్చుకుని, "అటు బస్సుల దగ్గర కూడా పెట్టి చూడండమ్మా" అన్నాడు. పెట్టారు, బస్సు స్టార్టయినప్పుడు 140. ఆయన నవ్వలేదు. "మరి రోజంతా ఇక్కడే నిలబడే నాకెంత పడుతుంది?" అనడిగాడు. మా పిల్లల ప్రాజెక్టు ఇప్పుడు అదే.

నా మార్కులు అయిదుకి మూడున్నర. ఇంట్లో కిటికీ తెరవాలా వద్దా చూసుకోడానికి ఒకటి చాలు. క్లాసుకైతే మూడుకి తక్కువ కొనకండి, వచ్చిన రోజే పక్కపక్కన పెట్టి చూడండి, ఊదడం మర్చిపోవద్దు.