కీలోల్యాండ్: సూ ఫాల్స్‌లో పదేళ్లకు పైగా చూస్తున్నాం

సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌కి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి పదేళ్లు దాటింది. వచ్చిన కొత్తలో ఇంట్లో తెలుగు ఛానెళ్లే ఆడేవి. ఇప్పుడు చలికాలం మొదలైతే పొద్దున్నే మా ఆవిడ పెట్టేది ఇక్కడి లోకల్ టీవీ ఛానెల్ కీలోల్యాండే.

రాత్రంతా మంచు కురిస్తే, తెల్లారేసరికి స్క్రీన్ అడుగున స్కూళ్ల పేర్లు వరుసగా కదులుతుంటాయి. దాన్ని ఇక్కడ క్లోజ్‌లైన్ అంటారు. ఏ స్కూలుకి సెలవు, ఏది రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తారు అన్నీ అందులో ఉంటాయి. మావాడు పళ్లు తోముకుంటూనే వచ్చి తన స్కూలు పేరు కోసం నిలబడతాడు. ఫోనుకి మెసేజ్ వచ్చినా సరే, టీవీలో చూస్తేనే వాడికి నమ్మకం.

ఇది ఒక్క స్టేషన్ కాదు. 1953లో జో ఫ్లాయిడ్ సూ ఫాల్స్‌లో ఛానెల్ 11 మొదలుపెట్టారు. 1955లో ఉత్తరాన ఫ్లారెన్స్‌లో, 1957లో మిస్సోరి నది దగ్గర రిలయన్స్‌లో మరో రెండు స్టేషన్లు వచ్చాయి. తర్వాత పడమటి కొసన ఉన్న ర్యాపిడ్ సిటీ కూడా చేరింది. జనం పల్చగా ఉన్న రాష్ట్రంలో ఊరికో న్యూస్‌రూమ్ నడపడం కష్టం కాబట్టి ఒకే వార్తలు అందరికీ వెళ్తాయి. సీరియళ్లు, జాతీయ వార్తలు సీబీఎస్ అనే అమెరికా జాతీయ టీవీ నెట్‌వర్క్ నుంచి వస్తాయి. సూ ఫాల్స్ పక్కనున్న రొవీనా దగ్గర ఈ ఛానెల్ సిగ్నల్ పంపే దాదాపు 2,000 అడుగుల టవర్ ఉంది. 1968లో విమానం తగిలి ఒకసారి, 1975 మంచు తుఫానులో ఇంకోసారి అక్కడి టవర్ కూలిపోయింది. రెండుసార్లూ మళ్లీ కట్టారు.

నేను ఈ ఛానెల్‌ని నిజంగా నమ్మింది మాత్రం తుఫాన్ల వల్లే. 2019 సెప్టెంబరు 10 రాత్రి ఊరి మీద మూడు టోర్నడోలు పడ్డాయి. బేస్‌మెంట్‌లో పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఫోనులో వీళ్ల వాతావరణ వార్తలే చూస్తూ కూర్చున్నాం. 2022 జూలై 5న పట్టపగలు ఆకాశం ఆకుపచ్చగా మారినప్పుడైతే మా ఆవిడకి ఒకటే టెన్షన్. గాలివాన ఏ ఊరు దాటింది, ఎటు కదులుతోంది అని మ్యాప్ మీద చూపిస్తూ చెబుతుంటే, ఎప్పుడు కిందికి దిగాలో మాకు తెలిసింది. కొత్తగా వచ్చే మనవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, పక్క కౌంటీల పేర్లు నేర్చుకోండి. మిన్నెహాహా, లింకన్, టర్నర్, మెకుక్. హెచ్చరికలన్నీ ఆ పేర్లతోనే చదువుతారు.

ఇండియా వార్తల కోసమైతే దీన్ని పెట్టుకోకండి. ఎన్నికల ఏడాది అక్టోబరులో ప్రకటనలు ఓపికకి పరీక్ష పెడతాయి. అయితే మొక్కజొన్న ధర, హైస్కూల్ ఫుట్‌బాల్ స్కోర్లు తెలిస్తేనే ఇక్కడ ఆఫీసులో మాట కలుస్తుంది. నాకు పక్క సీటాయనతో స్నేహం అలాగే మొదలైంది.

ఒక ఏడాది మేం డబ్బు కడుతున్న స్ట్రీమింగ్ సర్వీసులో లోకల్ ఛానెళ్లు ఉన్నట్టుండి మాయమయ్యాయి. ఆ వారమే యాంటెన్నా కొన్నాను. టీవీ వెనక పెడితే బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది. రొవీనా మాకు తూర్పున ఉంది కాబట్టి తూర్పు కిటికీకి అంటించి, ఛానెళ్లు మళ్లీ స్కాన్ చేశాను. అప్పటి నుంచి నెలకి పైసా కట్టకుండా చూస్తున్నాం.